డేటా ట్రైనింగులు, బాండు కాగితం, మా పీటీఎం పిల్లలు



మేము నలుగురం. ముగ్గురం పెద్దతిప్పసముద్రం మండలం తండాల పిల్లలం, ఒకామె తంబళ్లపల్లె పక్క నుంచి వచ్చిన ఎరుకల చెల్లెలు. మదనపల్లెలో డిగ్రీ రెండో ఏడాది చదువుతూ హాస్టల్లో ఒకే గదిలో ఉంటాం. నలుగురి ఇండ్లల్లోనూ కాలేజీ గడప తొక్కిన మొదటి మనుషులం మేమే. టైపు కొట్టేది ఒకరే అయినా, రాత్రి అన్నాలు తిన్నాక నలుగురం కూర్చుని మాట్లాడుకున్నవే ఈ మాటలు. అందుకే 'మేము' అని రాస్తున్నాం. పోస్టు పెద్దది, ఓపిక చేసుకోండి.

పోయిన నెల ఇంటర్ చదివే తమ్ముళ్లు ఇద్దరు గ్రూపులో అడిగినారు, "డేటా అనలిటిక్స్ అంటే ఏంది, దానికి ఎంత కట్టాల?" అని. దాని కిందనే ఎవరో 45 వేల రూపాయల కోర్సు పోస్టరు పెట్టినారు, "సీట్లు తక్కువ ఉన్నాయి" అని. ఆ పోస్టరుకు వచ్చిన లైకులు చూసి మాకు నిద్ర పట్టలేదు. మాకు తెలిసింది చెప్తాం. మేము తెలుసుకోవాల్సింది కూడా ఒకటుంది, అది చివర్లో అడుగుతాం.

ముందు ఆ మాటకు భయపడొద్దు. మన పక్క టమాట పండించని ఇల్లు తక్కువ కదా, ఆ లెక్కతోనే చెప్తాం.

ఒక ఇంటోళ్లు మదనపల్లె మార్కెట్టుకు 40 బాక్సులు తెచ్చినారనుకోండి. అందులో ఒకటో రకం 12 బాక్సులు, బాక్సు 420 పోయింది. రెండో రకం 20 బాక్సులు, 300 లెక్కన. మిగిలిన 8 మచ్చకాయ, 150. ఆ రోజు అందరి నోట్లో ఉండేది "మదనపల్లెలో బాక్సు 420" అనే మాట. ఇంటికొచ్చిన డబ్బులు చూస్తే 12,240. బాక్సుకు 306 పడింది. ఆ 306లోంచి కమీషను, బండి బాడుగ, ఎత్తుడు కూలి పోవాల. నాయన తప్పు చెప్పలేదు, మార్కెట్టులో చెప్పిన రేటూ అబద్ధం కాదు. 420 అన్నది అన్నింటికన్నా పైరేటు. మూడు రేట్లు కలిపి మూడుతో భాగిస్తే 290 వస్తుంది, అదీ తప్పే, ఎందుకంటే ఏ రేటుకు ఎన్ని బాక్సులు పోయినాయో అందులో లేదు. ఎక్కువ సరుకు పోయిన రేటు 300. సర్కారోళ్ల అగ్‌మార్క్‌నెట్ సైటులో 'మోడల్ ధర' అని వేసేది ఇట్లాంటిదే. ఇంకో తిరకాసు ఏందంటే ఆ సైటులో ధర క్వింటాలుకు ఉంటుంది, మనోళ్లు చెప్పేది బాక్సుకు. బాక్సు 25 కిలోలైతే మన 306 అంటే కిలో 12 రూపాయల 24 పైసలు. అదే 30 కిలోల బాక్సయితే 10 రూపాయల 20 పైసలే. బాక్సు ఎన్ని కిలోలో రాయకుండా రేటు రాసిన కాగితం దేనికీ పనికి రాదు.

ఇదే డేటా అనలిటిక్స్. ఏ అంకె దేన్ని చెప్తోంది, దేన్ని దాస్తోంది, ఏ రెండింటిని పక్కపక్కన పెట్టొచ్చు, ఏవి పెట్టకూడదు, అని అడగడం. ఆ అడగడాన్ని లక్ష వరుసల మీద చెయ్యాలంటే చేత్తో కాదు కాబట్టి ఎక్సెల్, ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ, పైథాన్ కావాల. అవి పనిముట్లు. పార, గడ్డపార ఉన్నంత మాత్రాన బావి తవ్వడం వచ్చినట్టు కాదు.

2023 జూలైలో మదనపల్లెలో కిలో టమాట 150 దాటి 200 దగ్గరికి పోయింది, మీకందరికీ గుర్తుండే ఉంటుంది. అప్పుడు మా తండాలో చాలామంది తోటలు అప్పటికే అయిపోయినాయి. ఆ రేటు చూసి తర్వాత అందరూ నాటినారు. ఆ కథ ఎట్ల ముగిసిందో మీ ఇంట్లోనే అడగండి. నాలుగైదేండ్ల రేట్లు ఒక గీతగా గీసి గోడకు అంటిస్తే ఎంతమంది ఆగి ఆలోచిస్తారో అని మాకు అనిపిస్తుంటుంది.

ఇప్పుడు పెద్ద కంపెనీల సంగతి. మేము దీన్ని మొదట తలకిందులుగా ఊహించుకున్నాం. బయట ఎక్కడో డబ్బు కట్టి అన్నీ నేర్చుకోని, పూర్తిగా తయారై పోతేనే కంపెనీ వాకిలి తెరుస్తుందని అందరూ చెప్పే మాట. చదివే కొద్దీ తెలిసింది, పెద్ద కంపెనీలే లోపల బడి పెట్టుకుంటున్నాయని.

అమెరికాలో ఎయిర్‌బీఎన్‌బీ అని ఒక కంపెనీ ఉంది. ఇండ్లు, గదులు రోజువారీ బాడుగకు ఇప్పించే కంపెనీ. దానికి డేటా పని చేసేవాళ్లు వందకు పైగా ఉన్నారు, అయినా చాలలేదు. కంపెనీలో నిర్ణయం జరిగే ప్రతి గదిలో ఒక డేటా మనిషిని కూర్చోబెట్టలేరు కదా. అందుకని 2016లో సొంత ఉద్యోగుల కోసం 'డేటా యూనివర్సిటీ' అని ఒకటి మొదలుపెట్టినారు. పేరు చూసి పెద్ద భవనం అనుకునేరు, అది లోపల జరిగే క్లాసులే. మూడు మెట్లు పెట్టినారు. మొదటి మెట్టు అందరికీ: అంకెను చూసి దాంతో ఆలోచించడం. రెండో మెట్టు, తమకు కావాల్సిన డేటా తామే తీసుకోని పటంగా గీసుకోవడం. మూడోది లోతుగా పోయేవాళ్లకు, పెద్ద డేటా, మెషిన్ లెర్నింగ్. ఏడాది తిరక్కముందే 500 మందికి పైగా కనీసం ఒక క్లాసులో కూర్చున్నారు. కంపెనీ డేటా పనిముట్లను వారంలో ఒకసారైనా వాడేవాళ్లు 30 శాతం నుంచి 45 శాతానికి పెరిగినారని వాళ్లే రాసుకున్నారు.

దీంట్లో మాకు నచ్చిన విషయం ఒకటే. వాళ్లు ఎక్కడిదో పుస్తకం డేటాతో నేర్పలేదు, తమ కంపెనీ డేటాతోనే, తమ పనిముట్లతోనే నేర్పినారు. రోజూ ఫోన్లో కస్టమర్లతో మాట్లాడే మనిషికి ఆ పని లోతు ముందే తెలుసు. ఎస్‌క్యూఎల్ నేర్పడం తేలిక, పని లోతు నేర్పడం కష్టం. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లా వస్తాం దీని దగ్గరికి.

అమెజాన్ కూడా 2019లో ఒక ప్రకటన చేసింది, అమెరికాలో తన ఉద్యోగుల్లో లక్షమందికి 2025 కల్లా కొత్త పనులు నేర్పడానికి 70 కోట్ల డాలర్లు ఖర్చు పెడతామని. గోడౌన్లో పెట్టెలు మోసేవాళ్లు కూడా అందులో ఉన్నారు. పెట్టెలు మోసేవాళ్లంటే మా ఇండ్లల్లో కొత్తేం కాదు కాబట్టి ఆ లైను రెండుసార్లు చదివినాం.

మన దేశంలో కథ కొంచెం వేరే. ఇక్కడ పెద్ద ఐటీ కంపెనీల శిక్షణ ఎక్కువగా కొత్తగా చేరినవాళ్లకు. ఇన్ఫోసిస్‌కు మైసూరులో పెద్ద శిక్షణ క్యాంపస్ ఉంది, హాస్టలు, క్లాసులు, పరీక్షలు అన్నీ అక్కడే. విప్రో అయితే బీసీఏ, బీఎస్సీ పిల్లలను తీసుకోని, పని చేయిస్తూనే ఎంటెక్ చదివిస్తుంది, ఫీజు కంపెనీదే. దానికి బదులుగా ఐదేండ్లు పని చేస్తామని సంతకం పెట్టాల. టీసీఎస్‌కు కూడా బీఎస్సీ, బీసీఏ వాళ్ల కోసం వేరే దారి ఉంది. ఇంజినీరింగ్ చదవకపోతే ఐటీ లేదు అనే మాట నిజం కాదని తమ్ముళ్లకు ఇందుకే చెప్తున్నాం.

అయితే అక్కడ శిక్షణ అంటే నేర్పడమూ ఉంది, జల్లెడ పట్టడమూ ఉంది. 2025 ఫిబ్రవరిలో ఇన్ఫోసిస్ మైసూరులో 300 మందికి పైగా ట్రైనీలను పంపించేసింది. లోపలి పరీక్ష మూడుసార్లు రాసినా పాస్ కాలేదని కంపెనీ చెప్పింది. వాళ్లలో చాలామంది ఆఫర్ వచ్చినాక కూడా చేరడానికి చాలా రోజులు ఎదురుచూసినవాళ్లే. ఆ వార్త వచ్చిన రోజు మా హాస్టల్లో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తండాలో ఒకసారి "మా బిడ్డకు కంపెనీలో ఉద్యోగం వచ్చింది" అని చెప్పినాక వెనక్కి రావడం ఎట్లుంటుందో మీకు వేరే చెప్పాలా?

సర్కారు వైపు నుంచి కూడా శిక్షణలు తక్కువేం లేవు. మన రాష్ట్రంలో మైక్రోసాఫ్ట్‌తో కలిసి 1.62 లక్షల మంది పిల్లలకు శిక్షణ అని చెప్పి 2022 ఆగస్టులో విశాఖపట్నంలో సర్టిఫికెట్లు ఇచ్చినారు. 2025 మార్చిలో మళ్లా మైక్రోసాఫ్ట్‌తోనే ఏడాదిలో 2 లక్షల మందికి ఏఐ శిక్షణ అని ఒప్పందం చేసుకున్నారు. ప్రభుత్వం మారినా కంపెనీ మారలేదు, అంకె పెరిగింది. మంచిదే. కానీ డేటా చదివే పిల్లలం కాబట్టి అడుగుతాం: 1.62 లక్షలు అన్నది 'బాక్సు 420' లాంటి అంకె. దాన్ని విడగొట్టాల. అందులో ఆడపిల్లలు ఎంతమంది, గిరిజన పిల్లలు ఎంతమంది, పీటీఎం లాంటి మండలాల నుంచి ఎంతమంది, ఆ కాగితంతో పని దొరికినోళ్లు ఎంతమంది. ఈ నాలుగు కాలమ్‌లు పక్కన చేర్చితే గానీ ఆ అంకె మనకు ఏం చెప్పదు.

మాకు నిజంగా నేర్పింది ఇవేవీ కాదు. డిగ్రీలో 2020-21 నుంచి పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టినారు కదా, అందులో మొదటి ఏడాది అయినాక ఊళ్లలో చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంటుంది. చాలామంది దాన్ని జెరాక్స్ షాపులో కొనేస్తారు. మాకు కొనే డబ్బులు లేవు, కాబట్టి నిజంగానే చేసినాం. మా తండాలో ఇల్లిల్లూ తిరిగి సర్వే.

మొదటి రోజే తల తిరిగింది. ఒకే మనిషి పేరు ఆధార్‌లో ఒక రకం, రేషన్ కార్డులో ఇంకో రకం, బ్యాంకు పుస్తకంలో మూడో రకం. 'నాయక్' అనే ముక్కనే ఇంగ్లీషులో ఒకదాంట్లో ఎన్-ఎ-ఐ-కె, మరోదాంట్లో ఎన్-ఎ-వై-ఎ-కె, ఇంకోదాంట్లో అసలు లేదు. పెద్దోళ్లలో చాలామంది పుట్టినరోజు జనవరి 1. తండా మొత్తం ఒకే రోజు పుట్టిందేమో అని నవ్వుకున్నాం. తర్వాత ఒక అవ్వకు పింఛను ఎందుకు ఆగిందో తెలిసినాక నవ్వు ఆగిపోయింది. వయసు కాలమ్‌లో ఆమె తన కూతురి కన్నా నాలుగేండ్లే పెద్ద.

"ఇంట్లో ఎంతమంది?" అని అడిగితే జవాబు నెలను బట్టి ఉంటుంది. వానలు పడితే ఆరుగురు. ఎండాకాలం ఇద్దరు, మిగిలినోళ్లు బెంగళూరులో కూలిపనికి. ఏ రోజు అడిగినామో రాయకపోతే ఆ అంకెకు విలువ లేదు. ఆదాయం చెప్పమంటే కొందరు చెప్పలేదు. ఆ గడి ఖాళీగా ఉంచాలా, సున్నా వెయ్యాలా? సున్నా వేస్తే ఆదాయం లేనట్టు. ఖాళీ ఉంచితే చెప్పలేదు అని. రెండూ ఒకటి కాదు. తర్వాత యూట్యూబులో చూసినాం, కంపెనీల శిక్షణలో దీనికి 'మిస్సింగ్ వాల్యూస్' అని పెద్ద పాఠమే ఉంది. ఖాళీ గడుల్లో సరాసరి వేసి నింపొచ్చు అని కూడా అందులో ఉంది. ఆ ఖాళీ గడి వెనక ఉన్న మనిషి మొఖం మాకు తెలుసు కాబట్టి మా చెయ్యి ఆడలేదు.

ఇందాక గుర్తు పెట్టుకోమన్న మాట ఇదే. పని లోతు తెలిసినోళ్లకు పనిముట్టు నేర్పడం తేలిక అని పెద్ద కంపెనీలే ఒప్పుకున్నాయి. కూలి రేటు, వడ్డీ లెక్క, ఉపాధి హామీ మస్టరు, రేషన్ కోత, రాని పింఛను, ఇవన్నీ మనం పుట్టినప్పటి నుంచి చూస్తున్న డేటానే. మన యాడి వేలిముద్ర మిషన్‌లో పడకపోతే ఆ నెల బియ్యం ఆగిపోతాయి. డేటా తప్పయితే ఏమవుతుందో మనకు ఎవరూ స్లైడ్లు వేసి చెప్పాల్సిన పని లేదు. ఇంటర్వ్యూలో "మీ ప్రాజెక్టు ఏంది" అని అడిగితే టైటానిక్ ఓడ డేటా, పువ్వుల రేకుల డేటా అని అందరూ చెప్పేదే చెప్పకండి. మీ ఊరి టమాట రేట్లు చెప్పండి.

ఇంక ఆ 45 వేల సంగతి. పక్క మండలం అక్క ఒకామె ఇట్లాంటి కోర్సులోనే చేరింది. సంస్థ పేరు ఇక్కడ అక్కర్లేదు, ఒకటి మూతబడితే ఇంకోటి వస్తుంది. పొట్టేళ్లు రెండు అమ్మి, మిగతాది వడ్డీకి తెచ్చి కట్టినారు. పోస్టరులో "100 శాతం ప్లేస్‌మెంట్" అని ఉంది. చేరినాక ఇచ్చిన కాగితంలో "ప్లేస్‌మెంట్ సహాయం" అని ఉంది. ఆ 'సహాయం' అంటే ఉద్యోగాల లింకులు వాట్సాప్‌లో పంపడం. క్లాసులు ముందే రికార్డు చేసిన వీడియోలు. డబ్బు వెనక్కి అడిగితే ఫోన్ ఎత్తలేదు. అక్క ఇప్పుడు బెంగళూరులో బట్టల షాపులో బిల్లులు కొడుతోంది. ఎక్సెల్ బాగా వచ్చు ఆమెకు, మాకు పివట్ టేబుల్ నేర్పింది ఆమే, ఫోన్లో, రాత్రి పదిన్నర తర్వాత.

ఆ వీడియోల్లో ఉన్న పాఠాలు ఊరికే దొరుకుతాయి తమ్ముళ్లూ. ఇన్ఫోసిస్ స్ప్రింగ్‌బోర్డ్‌లో చేరడానికి పైసా కట్టక్కర్లేదు. టీసీఎస్ అయాన్‌లో పదిహేను రోజుల ఉచిత కోర్సు ఉంది, అది డేటా కన్నా ఇంటర్వ్యూకు, ఉత్తరం రాయడానికి పనికొస్తుంది. నాస్కామ్, కేంద్ర ఐటీ శాఖ కలిసి నడిపే ఫ్యూచర్‌స్కిల్స్ ప్రైమ్ ఉంది. స్వయం, ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు, అందులో ఎస్టీ పిల్లలకు రాయితీ ఉంది. మ్యాథ్స్ మీద నమ్మకం ఉంటే ఐఐటీ మద్రాసు ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీ చూడండి. 2020లో మొదలైంది, జేఈఈ అక్కర్లేదు, నాలుగు వారాలు వాళ్లే పాఠం చెప్పి పరీక్ష పెడతారు. మీరు చదివే డిగ్రీతో పాటే చేసుకోవచ్చు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఇంటి ఆదాయాన్ని బట్టి 75 శాతం దాకా ఫీజు తగ్గిస్తారు. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ రెండూ ఇప్పుడే తీసి పెట్టుకోండి, గడువు చివరి రోజు తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగొద్దు.

ఊరికే దొరకనివి వేరే ఉన్నాయి. మా నలుగురికీ కలిపి ఒక పాత లాప్‌టాప్, సీనియర్ అక్క ఇచ్చి పోయింది. బ్యాటరీ లేదు, కరెంటు పోతే అదీ పోతుంది. వంతులు వేసుకున్నాం, ఒక్కొక్కరికి రోజుకు గంటా పదిహేను నిమిషాలు. ఫోన్లో ఎస్‌క్యూఎల్ రాయడం అంటే సూదిలో దారం చీకట్లో ఎక్కించడం. సెలవులకు తండాకు పోతే సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల. ఇంగ్లీషు సంగతి సరే సరి. ఇంట్లో గోర్‌బోలి, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు, మాకు అది మూడో భాష. మాలో ఒకామె టమాట లెక్క మొత్తం తెలుగులో గుక్క తిప్పుకోకుండా చెప్తుంది. అదే ఇంగ్లీషులో చెప్పమంటే చెమటలు పడతాయి. తెలివి తక్కువై కాదు కదా అది.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాల. ప్రైవేటు ఉద్యోగాల్లో రిజర్వేషన్ మాట వచ్చినప్పుడు, 2006లో సీఐఐ, అసోచామ్ లాంటి పరిశ్రమల సంఘాలు చట్టం వద్దు, ఎస్సీ, ఎస్టీలకు చదువు, శిక్షణ మేమే స్వచ్ఛందంగా ఇస్తామన్నాయి. ఆ రోజుల్లోనే ఇన్ఫోసిస్ బెంగళూరు ట్రిపుల్ ఐటీతో కలిసి, ఇంజినీరింగ్ అయిపోయి ఉద్యోగం రాని ఎస్సీ, ఎస్టీ పిల్లలకు కొన్ని నెలల ప్రత్యేక శిక్షణ నడిపింది. మాకు ఆ పద్ధతి బాగుందనిపించింది. పరీక్షలో మార్కులు కలపమని మేము అడగడం లేదు. లాప్‌టాప్‌తో, ఇంగ్లీషుతో, ఖాళీ కడుపు లేకుండా ఆరు నెలలు కూర్చోబెట్టి నేర్పి, ఆ తర్వాత అందరికీ పెట్టే పరీక్షే పెట్టమంటున్నాం. పట్నం పిల్లలకు ఆ ఆరు నెలలు వాళ్ల ఇండ్లల్లోనే ఎప్పుడో అయిపోయినాయి. మన జిల్లాల కాలేజీల్లో, మన హాస్టళ్లలో ఇట్లాంటిది ఎందుకు పెట్టకూడదు? మదనపల్లెలో మూడు హాస్టళ్ల పిల్లలం కలిసి అర్జీ రాసినాం, సంతకాలు అవుతున్నాయి.

ఇప్పుడు మేము అడగాల్సింది.

ఒక పెద్ద కంపెనీ డిగ్రీ పిల్లల కోసం మా పక్కకు వస్తోంది. రాత పరీక్ష, తర్వాత ఇంటర్వ్యూ. మూడో ఏడాది అయిపోతూనే చేరాల. శిక్షణ వేరే రాష్ట్రంలో. డేటా పనిలో వేస్తామని సార్లు చెప్పినారు, కాగితంలో మాత్రం "కంపెనీ అవసరాన్ని బట్టి" అని ఉంది. మొదటి ఏడాది స్టైపెండు. పై చదువు ఫీజు వాళ్లే కడతారు. ఐదేండ్లు ఉండాల, మధ్యలో వదిలేస్తే డబ్బు వెనక్కి కట్టాల.

లా చదివే అన్న ఒకాయన ఫోన్లో చెప్పినాడు, బాండు ఊరికే బెదిరింపు కాగితం అనుకోవద్దని. 2025 మేలో సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో, మూడేండ్లు పనిచెయ్యకుండా పోతే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని తీర్పు ఇచ్చిందంట. అది ప్రభుత్వ బ్యాంకు, పెద్ద హోదా ఉద్యోగం. మనలాంటి ట్రైనీలకు, ప్రైవేటు కంపెనీకి అదే కొలత అవుతుందా అంటే, కాగితంలో ఏం రాసుందో చూడకుండా చెప్పలేమన్నాడు. సంతకం పెట్టే ముందు కాగితం ఇంటికి ఇవ్వమని అడగమన్నాడు. అడిగినాం. ఆఫర్ వచ్చినాకే ఇస్తారంట.

మాలో ఒకామె రాయాలని తీర్మానం చేసుకుంది. నాయనకు ఊపిరి జబ్బు, తమ్ముడు పదో తరగతి, నెల తిరిగితే స్టైపెండు రావడం కన్నా పెద్ద మాట ఆమెకు లేదు. ఒకామెకు టీచరు కావాలని ఉంది, బీఈడీ చేస్తుంది, ఆమెను మేమెవ్వరం ఒప్పించాలని చూడలేదు. ఇంకొకామెకు ఇంట్లో పెండ్లి మాటలు నడుస్తున్నాయి. ఆమె మాత్రం బాండును వేరే విధంగా చూస్తోంది: "ఐదేండ్లు కదలకూడదని కంపెనీ రాయించుకుందని చెప్తే, ఇంట్లో ఐదేండ్లు పెండ్లి మాట ఆగుతుంది." మొదట అందరం నవ్వినాం. తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు. బాండు ఒకరికి సంకెల, ఒకరికి తలుపు గడియ.

నాలుగో మనిషి, అంటే ఈ టైపు కొడుతున్న చెయ్యి, ఇంటికి పోయి యాడికి చెప్పింది. యాడి సంతకం చెయ్యదు, వేలిముద్ర వేస్తుంది. మొత్తం విన్నది. ఐదేండ్లు అన్నప్పుడు ఏమనలేదు, డబ్బు వెనక్కి కట్టాలన్నప్పుడూ ఏమనలేదు. చివరకు అడిగింది: "నువ్వు పోతే, మన టమాట లెక్క ఎవరు రాస్తారు? ఆ కంపెనీ అయ్యలు మనది రాయనిస్తారా?" పోయిన రెండేండ్ల నుంచి ఇంటి లెక్క, పక్కిండ్ల లెక్క మేమే రాస్తున్నాం. ఏ రోజు ఏ మండీలో ఎంత పోయిందో నోటుబుక్కులో ఉంది. ఆ లెక్క చూసే పోయినసారి ములకలచెరువుకు కాకుండా మదనపల్లెకే తేవాలని నాలుగిండ్లోళ్లు తీర్మానం చేసినారు. యాడికి జవాబు చెప్పలేదు మేము. చెల్లెలికి తొమ్మిదో తరగతి, దానికి నోటుబుక్కు ఎట్ల రాయాలో నేర్పి వచ్చినాం. బాక్సు ఎన్ని కిలోలో రాయడం మర్చిపోవద్దని రెండుసార్లు చెప్పినాం.

పరీక్షకు పేర్లు ఇచ్చే గడువు ఈ నెల 28. బీఎస్సీ, బీసీఏ చదివి ఇట్లాంటి కంపెనీ శిక్షణకు పోయిన అన్నలు, అక్కలు గ్రూపులో ఉంటే ఈ మూడు చెప్పండి. డేటా పని అని తీసుకోని నిజంగా అదే ఇచ్చినారా, లేక సపోర్టు షిఫ్టుల్లో వేసినారా? స్టైపెండులో రూము, తిండి పోను ఇంటికి ఎంత పంపగలిగినారు? బాండు మధ్యలో వదిలినోళ్లు ఎవరైనా ఉంటే ఏం జరిగింది? పేరు పెట్టడం ఇష్టం లేకపోతే అడ్మిన్ అక్కకు పంపండి, పేరు తీసేసి పెడుతుంది.

మా టమాట రేట్ల ఎక్సెల్ షీటు కావాలన్నోళ్లకు పంపుతాం. ఆదివారం పొద్దున తొమ్మిదికి వీడియో కాల్ పెట్టి పివట్ టేబుల్ చూపిస్తాం, కరెంటు ఉంటే.